లోపం 5, తడి గోనె

ఆ వేసవిలో పొద్దుటిపూట పిన్ని ఫోన్ చేసిందంటే సంగతేమిటో ఎత్తకముందే తెలిసిపోయేది.

"మళ్ళీ ఐదే అమ్మడూ," అనేది గొంతు తగ్గించి. "సూపర్‌వైజరు నా వంకే చూస్తున్నాడు. ఏం చెయ్యమంటావు?"

"ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యి పిన్నీ."

"చేశా. మీ మిషనూ అదే అంటోందిగా. మళ్ళీ ప్రయత్నించండి, మళ్ళీ ప్రయత్నించండి అని. ఇంకేం ప్రయత్నించను, దాని కాళ్ళు పట్టుకోనా?"

పిన్ని మా అమ్మకి చెల్లెలు. గుంటూరు శివార్లలో మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలు వరసగా ఉంటాయి. వాటిలో ఒకదానిలో తేమ కొలిచే మిషను దగ్గర కూర్చుంటుంది. మా వైపు మిర్చి బస్తాని టిక్కీ అంటారు. టిక్కీ కాటా మీదకి రాగానే స్టాండులోంచి పొడవాటి సూది తీసి, గోనెలోంచి కాయల మధ్యకి గుచ్చి, తెర మీద వచ్చిన అంకెను సుద్దముక్కతో టిక్కీ మీద రాస్తుంది. తేమ ఎక్కువున్న టిక్కీ ఒక్కటి చలిగదిలోకి వెళ్ళినా బూజు పట్టి పక్కవాటిని కూడా పాడుచేస్తుంది. అందుకని ఆ అంకె లేకుండా దేన్నీ లోపలికి పోనివ్వరు. మిషను ఆగితే గేటు దాకా ట్రాక్టర్లు ఆగిపోతాయి.

ఆ కుర్చీ రాకముందు పిన్ని చాలా ఏళ్ళు ఆ ఆవరణలోనే షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసింది. ఎండాకాలం రేకుల కింద, గుట్టలుగా పోసిన ఎర్రటి కాయల చుట్టూ ఆడవాళ్ళు ముక్కుకి కొంగు చుట్టుకుని కూర్చుంటారు. ఆ ఘాటు అలవాటైపోతుందంటారు గానీ పిన్నికి అలవాటు కాలేదు. దగ్గు పట్టుకుని వదల్లేదు. ఆ దుమ్ములో ఇంక కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చదవడం, రాయడం వచ్చు కాబట్టి సూపర్‌వైజరు దయతలచి మిషను దగ్గర కూర్చోబెట్టాడు. ఇప్పుడు ఆ మిషను రోజూ పిన్ని చేతిలోనే ఆగుతోంది. మధ్యాహ్నం నుంచి కూర్చునే పెద్దాయన చేతిలో ఒక్కసారి కూడా ఆగలేదు. "నీ చెయ్యి దానికి పడట్లేదమ్మా. వచ్చే వారం దాకా చూస్తా, తర్వాత నువ్వు షెడ్డులోకే," అన్నాడట సూపర్‌వైజరు.

ఆ మిషను తయారుచేసే చిన్న కంపెనీలోనే నా ఉద్యోగం. నా పని దాని డ్రైవరు చూసుకోవడం. డ్రైవరు ఉద్యోగం అంటే మా వీధిలో చాలామంది నేను ఆటో నడుపుతానేమోనని నవ్వేవారు. సూది లోపల ఒక చిప్పు ఉంటుంది. అది మాట్లాడేదంతా సున్నాలూ ఒకట్లూ. తెర మీద అంకెలు చూపించే ప్రోగ్రాముకి ఆ భాష రాదు. ఇద్దరి మధ్యా నిలబడి, అటు మాట ఇటు చెప్పే చిన్న ప్రోగ్రామే డ్రైవరు. చిప్పుకి ఏదైనా ఇబ్బంది వస్తే ఆ కబురు మోసుకొచ్చేదీ అదే.

నేను చేరేటప్పటికే ఆ డ్రైవరు రాసి ఉంది. దాన్ని చదువుతూ ఉంటే ఒకచోట నాకు చిరాకు వేసింది. సూది తీగ ఊడిపోతే చిప్పు ఒక రకంగా చెబుతుంది. కరెంటు చాలకపోతే ఇంకో రకంగా. సూది తనని తాను పరీక్షించుకోవడంలో తేడా వస్తే మరో రకంగా. ఇవన్నీ డ్రైవరు దాకా విడివిడిగానే వస్తాయి. డ్రైవరు మాత్రం వాటన్నిటినీ ఒకే సంచిలో పోసి, మూతి కట్టి, పైన 5 అని రాసి పంపుతుంది. తెర మీద "లోపం 5. మళ్ళీ ప్రయత్నించండి" అని పడుతుంది. పొద్దున మిషను చెప్పిన ఏదో ఒక కారణం మా కోడు మధ్యలోనే పోయింది. ఆ కారణం ఉండాల్సిన చోట సూపర్‌వైజరు పిన్నిని పెట్టుకున్నాడు.

నేను పుస్తకాలు చదువుతానని ఆఫీసులో ఎవరికీ తెలియదు. లైబ్రరీ పుస్తకానికి న్యూస్‌పేపరు అట్ట వేసుకుని బస్సులో చదువుకుంటాను. ఒక వాక్యం ఎవరి కోసం రాశారో, చదివేవాళ్ళు అప్పుడు ఏ స్థితిలో ఉంటారో ఆలోచించడం ఆ చదువు వల్లే అలవాటైంది. "లోపం 5" రాసినాయన మనసులో ఉన్న పాఠకుడు ఇంకో ఇంజనీరు అయి ఉంటాడు. ఆ వాక్యాన్ని నిజంగా చదివేది మాత్రం ఒళ్ళో సుద్దముక్కలు పెట్టుకున్న మా పిన్ని. ఆమె భుజం మీదుగా చదివేది సూపర్‌వైజరు.

ఆ శుక్రవారం కూడిక మా ఇంట్లో. మా వీధి ఆడవాళ్ళు వారానికో ఇంట్లో ప్రార్థనకి చేరతారు. పాటలయ్యాక ఒక్కొక్కరూ తమ ప్రార్థన అవసరతలు చెప్పాలి. నా వంతు వస్తే ఎప్పుడూ "ఏమీ లేదండీ, అంతా బాగానే ఉంది," అనేస్తాను. పదిమంది ముందు గొంతు పెగలదు. ఆ రాత్రే డైరీలో మాత్రం రెండు పేజీలు నింపుతాను. పాస్టరమ్మగారు నన్ను వదిలేస్తారు గానీ మిగతావాళ్ళని అంత తేలిగ్గా వదలరు.

"ఉద్యోగం గురించి ప్రార్థన చేయండమ్మా," అంది పిన్ని.

"రావాలనా, పోకూడదనా?"

అందరూ నవ్వారు. పిన్నీ నవ్వింది, దగ్గుతూ.

"పోకూడదనే అమ్మగారూ."

"అది సరిగ్గా చెప్పు మరి. ఊరికే ఉద్యోగం, కష్టం, శోధన అంటే నేనేమని ప్రార్థించాలి? ఏం జరుగుతోంది?"

"మిషను ఆగిపోతోంది. మా సూపర్‌వైజరు ఉన్నాడే, వాడు..."

"ఆయన సంగతి మనకొద్దు. ఎవరి వల్లో చెబితే అది కబుర్లు అయిపోతుంది, ప్రార్థన అవదు. ఎప్పుడు ఆగుతోంది, ఇప్పుడు ఎట్లా ఉంది, నీకు ఏం కావాలి? అంతే."

"పొద్దునే ఆగుతోంది అమ్మగారూ. పొద్దెక్కితే దానంతటదే బాగవుతుంది. నాకా కుర్చీ కావాలి. షెడ్డులోకి వెళ్తే నా ఊపిరి నిలవదు."

మూలన చాప మీద కూర్చుని ఉన్న నాకు ఆ "పొద్దెక్కితే" అన్న మాట దగ్గర మనసు ఆగింది. అన్నాళ్ళూ ఫోన్‌లో "మళ్ళీ ఐదే" అని పిన్ని అనడం, "ఆపి ఆన్ చెయ్యి" అని నేను అనడం తప్ప ఎంతసేపు ఆగుతోందని నేను అడగలేదు. దానంతటదే బాగవుతుందని ఆమె చెప్పలేదు. మా మాటలు కూడా ఆ తెర నేర్పినట్టే సాగాయి.

సోమవారం సార్‌ని అడిగి, లాప్‌టాప్ తీసుకుని కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాను. కంపెనీ ఆయనదే. "నువ్వు వెళ్తావా?" అని ఆశ్చర్యపోయాడు. ఎవరితోనూ మాట్లాడని పిల్ల అని ఆయనకి నా మీద ఉన్న అభిప్రాయం తప్పేం కాదు.

నేను వెళ్ళేసరికి మిషను ఆగే ఉంది. తీగ కలిపి, డ్రైవరుని దాటుకుని, చిప్పు ఏమంటోందో నేరుగా చదివాను. ప్రతి టిక్కీకి ముందు, సూది స్టాండులో ఉండగానే, అది ఉత్త గాలిలో తనని తాను పరీక్షించుకుంటుంది. పొడి గాలిలో తేమ దాదాపు ఏమీ కనపడకూడదు. కానీ కనపడుతోంది. సూది కొన తాకి చూశాను. చల్లగా, సన్నటి చెమట పట్టినట్టుంది.

తలెత్తాను. షెడ్డుకీ కాటా గదికీ మధ్య గుమ్మానికి గోనెపట్టా వేలాడుతోంది, బాగా తడిపి కట్టింది. దాని వెనక షెడ్డులో పెద్ద ఫ్యాను తిరుగుతోంది. ఆ గాలి గోనె లోంచి సన్నటి తుంపరతో చల్లగా వచ్చి, గుమ్మం పక్కనే ఉన్న స్టాండు మీద పడుతోంది.

"ఈ గోనె ఎవరు కట్టారు పిన్నీ?"

"నేనే. పొద్దున రాగానే తడిపి కడతా. ఘాటంతా దానికి అంటుకుని ఇటు రాదు. మధ్యాహ్నానికి ఆరిపోతుందనుకో, అప్పటికి నేను వెళ్ళిపోతాగా." ఉన్నట్టుండి నా మొహంలోకి చూసింది. "దీనివల్లనా?"

నేను తలూపాను.

"చెప్పకే అమ్మడూ. ఆయనకి చెప్పకు. గోనె కట్టి మిషను పాడుచేశానంటాడు."

చెప్పలేదు. గోనె తీసేస్తే సరిపోతుందని ఇద్దరం అనుకున్నాం. తీసేసింది. మిషను ఆగలేదు. కానీ సాయంత్రం పిన్ని మా ఇంటికి వచ్చేసరికి కళ్ళు మిరపపళ్ళలా ఉన్నాయి. మాట మాటకీ దగ్గు. రెండోరోజు కూడా అంతే. మూడోరోజు పొద్దున ఫోన్ మోగింది.

"మళ్ళీ ఐదే. గోనె మళ్ళీ కట్టానే, ఊపిరాడక."

అప్పుడు నాకు భయం వేసింది. అప్పటికే నేను డ్రైవరు మార్చడం మొదలుపెట్టాను. ఇక మీదట మిషను నిజం చెబుతుంది. "సూది తడిగా ఉంది" అని తెర మీద పడితే సూపర్‌వైజరు కూడా నాలాగే తలెత్తి చూస్తాడు, గోనె కనపడుతుంది. 5 అన్న అంకె పిన్నిని అనుమానితురాలిని చేసింది. నిజం ఆమెను ఏకంగా దోషిని చేస్తుందేమో. ఒక పూటంతా ఆ మార్పుని అలాగే పక్కన పెట్టి కూర్చున్నాను. దాచినా ఆ వారం గడువు తీరితే పిన్ని షెడ్డులోకే. అందుకని సార్ దగ్గరికి వెళ్ళాను.

సార్‌కి వేరే అభ్యంతరాలున్నాయి.

"ఇవన్నీ ఎందుకమ్మా కస్టమరుకి? ఇప్పుడు ఏదైనా అయితే వాళ్ళ మనుషులకి వాడటం రాలేదని ఊరుకుంటారు. తీగ ఊడింది, కరెంటు చాల్లేదు అని మనమే రాసిస్తే అన్నిటికీ మన మీదకే వస్తారు."

ఎదురు చెప్పడం నాకు రాదు. అందుకని బల్ల మీద మిషను పెట్టి, ఆయన్ని ఒక్క నిమిషం అటు తిరగమన్నాను. సూది తీగ లాగేశాను. "ఇప్పుడు చూడండి సార్. ఏమైంది?" తెర మీద లోపం 5. మళ్ళీ తిరగమని, తీగ పెట్టి, సూదికి తడిగుడ్డ చుట్టాను. లోపం 5. కరెంటు తగ్గించాను. లోపం 5.

"ఏమైందో నాకెట్లా తెలుస్తుందమ్మా, అన్నిటికీ ఐదే వేస్తుంటే?" అన్నాడు. అని, తనే నవ్వాడు. "సరే. కానీ చిన్న తెర, రెండు వరసలే పడతాయి. కథలు రాయకు."

రెండు వరసలు. ఆ రాత్రి డైరీ తెరిచి కథలేమీ రాయలేదు. రెండేసి వరసలు రాసుకుంటూ, కొట్టేసుకుంటూ కూర్చున్నాను. పాస్టరమ్మగారి మాటలు చెవిలో ఉన్నాయి. ఏం జరిగింది, ఇప్పుడు ఎట్లా ఉంది, ఏం కావాలి. ఎవరి వల్ల అన్నది వద్దు. ఆమె ఆ మాట మర్యాద కోసం అని ఉంటారు. కానీ నా పనిలో అది మర్యాద కన్నా ముందు నిజాయితీ. సూదికి తెలిసింది తన మీద తడి ఉందని మాత్రమే. ఆ తడి గోనెదో, వానదో, ఎవరి చేతి చెమటో దానికి తెలియదు. తెలియని సంగతిని అది చెప్పకూడదు. తెలిసిన సంగతిని మింగకూడదు.

చివరికి ఇలా కుదిరింది. మొదటి వరస: "కొలవలేదు. సూది తడిగా ఉంది." రెండోది: "తుడిచి ఆరాక మళ్ళీ పెట్టండి." తీగకి ఒకటి, కరెంటుకి ఒకటి అలాగే రాశాను. ఇవేవీ కాకుండా ఇంకేదైనా వస్తే "కారణం తెలియలేదు. కంపెనీకి ఫోన్ చేయండి" అని పెట్టాను. దాని దగ్గర సార్ మళ్ళీ ఆగాడు.

"మనకి తెలియదని మనమే రాసుకుంటామా?"

"తెలియనప్పుడే సార్," అన్నాను. ఆయన తల గోక్కుని, సరే పెట్టమన్నాడు.

కొత్త డ్రైవరు ఎక్కించడానికి నేనే వెళ్ళాను. సూపర్‌వైజరు పెట్టిన గడువుకి ఆఖరి రోజది. ఆయన పిన్ని కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. గుమ్మానికి గోనె తడితడిగా వేలాడుతోంది. నేను ఎక్కించి పక్కకి జరిగాను. హమాలీ టిక్కీని కాటా మీద పడేశాడు. పిన్ని నా వంక ఒకసారి చూసి, బటన్ నొక్కింది.

సూపర్‌వైజరు కళ్ళజోడు పైకి నెట్టుకుని గట్టిగా చదివాడు. "కొలవలేదు. సూది తడిగా ఉంది. ఓహో!" తన భుజం మీద తువ్వాలు తీసి తనే తుడిచాడు. మిషను పనిచేసింది. నాలుగైదు టిక్కీలు అయ్యాక మళ్ళీ అదే మాట. ఈసారి ఆయన తువ్వాలు తీయలేదు. సూది తాకాడు, గాలి ఎటునుంచి వస్తోందో అరచెయ్యి పెట్టి చూశాడు, గోనె దగ్గర ఆగాడు.

"ఇదెవరు కట్టారు?"

పిన్ని తలొంచుకుంది. హమాలీలు కూడా పని ఆపి చూస్తున్నారు. అంతమంది మగవాళ్ళ ముందు నేను నోరు తెరిచిన గుర్తు లేదు. రెండు వరసలే, అనుకున్నాను.

"పొద్దున ఆ గోనె తడి, ఫ్యాను గాలికి సూది మీదకి వస్తోందండి. మిషను పాడవలేదు," అన్నాను. గొంతు సన్నగా వచ్చింది గానీ వచ్చింది. "గోనె లేకపోతే ఘాటు ఇటు వస్తుంది, ఇక్కడ కూర్చున్నవాళ్ళకి దగ్గు. గోనె ఉండాలి. స్టాండుని అవతలి గోడకి జరిపితే చాలండి."

"తీగ అందుతుందా అంత దూరం?"

"అందుతుందండి. కొలిచాను."

ఆయన పిన్ని వైపు తిరిగాడు. "ఏమమ్మా, ఈ ముక్క నువ్వు ముందే చెప్పొచ్చుగా? ఇన్నాళ్ళూ ట్రాక్టర్ల వాళ్ళ చేత తిట్లు తినిపించావు!"

పిన్ని తలెత్తింది. "మిషనుకి ఏమైందని మీరెప్పుడు అడిగారు బాబూ? నువ్వేం చేశావు, నువ్వేం చేశావు అనేగా రోజూ అడిగింది."

హమాలీల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. సూపర్‌వైజరు వాడి మీద విరుచుకుపడ్డాడు. "ఏరా, నవ్వేది తర్వాత, ముందు ఆ స్టాండు జరుపు! లారీ మీదకి విసిరినట్టు కాదు, మెల్లగా!" స్టాండు అవతలి గోడకి వెళ్ళింది. ఆయన అదే కోపంతో కుర్చీని కూడా తనే లాగి స్టాండు పక్కన వేశాడు. "కూర్చో. టిక్కీలు ఆగిపోయినాయి," అన్నాడు పిన్నితో. షెడ్డు మాట ఎత్తలేదు.

నేను బయలుదేరుతుంటే పిన్ని గేటు దాకా వచ్చింది. "నీకన్నా నీ మిషనే నయమే. దానికి ఈ మధ్యనే మాటలొచ్చినాయి, అప్పుడే రెండు వరసలు మాట్లాడుతోంది," అని నా బుగ్గ గిల్లి, దగ్గుకుంటూ లోపలికి వెళ్ళింది. దగ్గు పూర్తిగా పోలేదు. పోదేమో కూడా. షెడ్డు గోడ అవతల పిన్ని వయసు ఆడవాళ్ళు ఇంకా అలాగే కొంగులు చుట్టుకుని కూర్చుని ఉన్నారు. వాళ్ళ సంగతికి నా దగ్గర ఏ వరసలూ లేవు. అది బస్సెక్కాక చాలాసేపు నా మనసులో ఉంది. ఆ వేళ పుస్తకం తెరవలేదు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున ఫోన్ మోగింది.

"ఏంటి పిన్నీ, మళ్ళీ ఆగిందా?"

"ఆగింది. కరెంటు చాలడం లేదు, లైను చూడండి అంటోంది."

"మరి సూపర్‌వైజరు?"

"ఏముంది, అందరూ తలలెత్తి బల్బు వంక చూస్తున్నారు," అంది పిన్ని. గొంతు తగ్గించలేదు. వెనక ట్రాక్టర్ల మోత, ఎవరో ఎలక్ట్రీషియన్‌ని కేకేయడం వినిపిస్తున్నాయి. "నా వంక ఎవ్వరూ చూడలేదే అమ్మడూ. టీ తెప్పించుకుని తాగుతున్నా."